తంజావూరులో తెలుగువారు చూడవలసినవి, వినవలసినవి, చదవవలసినవి

తమిళనాడులో కావేరీ డెల్టాలో నెలకొన్న తంజావూరు పేరు వినగానే రాజరాజచోళుడు కట్టించిన బృహదీశ్వరాలయం ఎవరికైనా స్ఫురిస్తుంది. ఆ పట్టణానికి మరొక చరిత్ర కూడా కలదు. 16వ శతాబ్ది మధ్యభాగం నుండి 19వ శతాబ్ది మధ్యభాగం వరకు, ఇంచుమించు 300 ఏండ్లు, చుట్టూ తమిళం వినిపించే ఆ సీమలో రాజాస్థానపు కావ్యభాషలలో, గానభాషలలో తెలుగుదే పెద్దపీట. తంజావూరు, మధుర మొదలైన ఆస్థానాలలో వెలసిన ఆ సాహిత్యానికే మన సాహిత్య చరిత్రకారులు దక్షిణాంధ్ర వాఙ్మయమని పేరు పెట్టారు.

కొత్త చిత్రాన్నీ, కొత్త సంగీతాన్నీ, కొత్త కట్టడాన్నీ కనుగొనవలెనన్న ఉత్సాహం గల యువతీయువకులు సాధారణంగా మహానగరాల ప్రదర్శనశాలల వైపు చూస్తారు. అది తప్పు కాదు. అయితే మన వంటి సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాల పిల్లలకు తంజావూరు కూడా అంతే కొత్తది. అక్కడ నేడు ప్రాచీనమని మనం భక్తితో చూచేవన్నీ ఒకనాటి నూతన కల్పనలే. ఆ కల్పనలు ఒకే భాషవారి సొత్తు కావు. తెలుగు, తమిళం, మరాఠీ, కన్నడం, సంస్కృతం కలిసిన చోట అవి పుట్టాయి. ఇంట ఒక భాష, వీధిలో ఒక భాష, బడిలో మరొక భాషగా పెరుగుతున్న మన పిల్లలకు ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పదగినది. అందుకే తంజావూరులోను, దాని పరిసరాలలోను తెలుగుతో సంబంధం గల కళలను, అవి పనిచేసే తీరును, వాటిని చూచే పద్ధతిని ఈ వ్యాసంలో క్రమంగా పరిచయం చేస్తున్నాము.

ఆస్థానం, భాషలు

విజయనగర సామ్రాజ్య కాలంలో, 16వ శతాబ్ది పూర్వార్ధంలో, సేవప్ప నాయకుడు తంజావూరు ప్రభువైనాడు. అతని తరువాత అచ్యుతప్ప నాయకుడు, రఘునాథ నాయకుడు (1600–1634), విజయరాఘవ నాయకుడు పాలించారు. 1673లో మధుర నాయకుల దాడిలో విజయరాఘవుడు మరణించడంతో ఆ వంశపాలన ముగిసింది. ఆ తరువాత కొద్దికాలానికి ఛత్రపతి శివాజీ సవతి సోదరుడైన ఏకోజీ తంజావూరును వశపరచుకొన్నాడు. ఆయన సంతతి 1855 వరకు సింహాసనంపై ఉన్నది. 1799 తరువాత మాత్రం వారి అధికారం తంజావూరు కోటకు, దాని పరిసరాలకు పరిమితమైనది.

రఘునాథుడు స్వయంగా కవి, సంగీతజ్ఞుడు. విజయవిలాసం రచించిన చేమకూర వేంకటకవి ఆయన ఆశ్రితుడు. ఆ ఆస్థానపు మంత్రి గోవింద దీక్షితులు కన్నడ బ్రాహ్మణుడు. విజయరాఘవుని కొలువులో రంగాజమ్మ వంటి కవయిత్రులు గౌరవం పొందారు.

నాయకరాజుల పిమ్మట వచ్చిన మహారాష్ట్ర ప్రభువులకు తెలుగు మాతృభాష కాదు. అయినను వారు తెలుగును విడువలేదు. ఏకోజీ కుమారుడు శహాజీ (1684–1712) తెలుగులో యక్షగానాలు రచించాడు. పల్లకీ సేవా ప్రబంధం ఆయనదే. పంచభాషా విలాసమనే నాటకంలో ఆయన ఐదు భాషలను ఒకే రంగస్థలంపై నిలిపాడు. మరాఠీ మాట్లాడే రాజు తమిళ దేశంలో తెలుగు నాటకం వ్రాయడం నేడు మనకు వింతగా తోచవచ్చును. ఆనాటి తంజావూరులో అది సహజమైన విషయం.

కట్టడాలు: రాయి ఒకటి, గచ్చు ఒకటి

పెద్దగుడిగా ప్రసిద్ధమైన బృహదీశ్వరాలయం 1010 ప్రాంతంలో పూర్తి అయినది. 1987లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. విమానం చోళులది. కాని ఆవరణలోని ప్రతి రాయీ చోళులది కాదు. ఏకశిలా నందిపై ఉన్న మండపం, నునుపైన చెక్కడపు పనికి పేరెన్నికగన్న సుబ్రహ్మణ్య స్వామి ఆలయం నాయకరాజుల కాలానివి. రాజరాజు శాసనాలు తమిళంలో ఉండగా, శరభోజీ మహారాజు 1803లో భోసల వంశచరిత్రను మరాఠీలో అదే గుడి గోడలపై చెక్కించాడు. ఒకే ఆవరణలో మూడు రాజవంశాల చేతిపని పక్కపక్కన కనిపిస్తుంది. ఏది ఎవరిదో విడదీసి చూడగలిగిన నాడు ఆ గుడి మనకు రెండింతలు కనిపిస్తుంది.

గర్భగుడి చుట్టూ ఉన్న లోపలి ప్రదక్షిణ మార్గంలో జరిగిన ఒక సంగతి కళాభిమానులందరూ తెలుసుకొనదగినది. అక్కడి గోడలపై నాయకరాజుల కాలపు చిత్రాలు ఉండేవి. వాటి అడుగున చోళుల కాలపు చిత్రాలు దాగి ఉన్నాయని 1931లో ఎస్.కె. గోవిందస్వామి అనే పరిశోధకుడు కనుగొన్నాడు. పైపొరను చెరిపివేస్తే గాని అడుగుపొర పూర్తిగా బయటపడదు. పైపొర కూడా విలువైనదే. చివరకు పురావస్తు శాఖవారు పైనున్న నాయకరాజుల చిత్రాలను పూతతో సహా ఒలిచి, వేరు పలకలపై అతికించి భద్రపరచారు. అడుగున ఉన్న చోళ చిత్రాలు గోడమీదనే నిలిచాయి. ఒకదానికోసం ఒకదాన్ని బలి చేయకుండా రెండింటినీ దక్కించుకొన్న పద్ధతి ఇది. ఆ మార్గంలోనికి సాధారణ సందర్శకులను అనుమతించరు. గ్రంథాలలో అచ్చైన ఛాయాచిత్రాల ద్వారా చూడవలసినదే.

గుడికి కొద్ది దూరంలో ఉన్న రాజప్రాసాదం వేరొక వాస్తురీతికి చెందినది. దీని నిర్మాణాన్ని నాయకరాజులు ప్రారంభించగా మహారాష్ట్ర ప్రభువులు విస్తరించారు. ఇది ఇటుకతోను, సున్నపు గచ్చుతోను కట్టిన కట్టడం. రాతి గుడిలో దూలం స్తంభంపై ఆనుతుంది. ఇక్కడ కమాను బరువును మోస్తుంది. కమాను, గుమ్మటం సుల్తానుల నిర్మాణ సంప్రదాయం నుండి దక్షిణాదికి వచ్చి, హిందూ దేవాలయ గోపురపు అంతస్తులతో ఇక్కడ కలిసిపోయాయి. ప్రాసాదంలోని గూడగోపురం దూరం నుండి చూస్తే దేవాలయ విమానాన్ని తలపిస్తుంది. కాని అది గుడి కాదు, కోటలో భాగమైన బురుజు. సంగీత నృత్య ప్రదర్శనల కోసం కట్టినదని ప్రసిద్ధి పొందిన సంగీత మహలు కూడా ఈ ప్రాంగణంలోనిదే.

గచ్చు అనగా కేవలం సున్నం, ఇసుక కాదు. సున్నాన్ని నానబెట్టి మగ్గనిచ్చి, సన్నని ఇసుకతో నూరి, బెల్లపు నీరు, కరక్కాయ నానిన నీరు కలిపి పూయడం దక్షిణాది తాపీ మేస్త్రీల పాత పద్ధతి. చివరి పూతను రాతితో రుద్ది మెరుగుపెడితే చలువరాతి నునుపు వస్తుంది. మధురలో తిరుమల నాయకుడు 1636లో కట్టించిన మహలులోని మహాస్తంభాలు కూడా ఇటుకకు గచ్చుపూత పూసినవే. తంజావూరు చూచినవారు మధురను కూడా చూస్తే ఈ నిర్మాణరీతి ఎంత దూరం పోగలిగినదో బోధపడుతుంది.

వీణ నిర్మాణం: 24 మెట్లు

నేడు కర్ణాటక సంగీతంలో వాడే వీణ రూపం రఘునాథ నాయకుని ఆస్థానంలో స్థిరపడినదని ప్రసిద్ధి. రఘునాథ మేళ వీణ అన్న పేరు అందుకే వచ్చింది. అంతకుముందు వాడుకలో ఉన్న వీణలలో రాగాన్ని బట్టి మెట్లను సవరించవలసిన రకాలు ఉండేవి. ఒక రాగం వాయించి మరొక రాగం ఎత్తుకొనవలెనంటే మెట్లు కదల్చవలసి వచ్చేది. స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలకు 24 మెట్లను కదలకుండా బిగించడంతో ఈ ఇబ్బంది తొలగింది. ఒకే వీణపై ఏ రాగమైనను పలికించవచ్చును. పరికరంలో జరిగిన చిన్న మార్పు శాస్త్రాన్నే మార్చగలదనడానికి ఇది చక్కని నిదర్శనం.

తంజావూరు వీణను పనస కొయ్యతో చేస్తారు. కుండ, దండి, పైనున్న యాళి ముఖం అనే భాగాలను వేరువేరుగా చెక్కి జోడించడం ఒక పద్ధతి. మొత్తం ఒకే మానులో తొలచినదాన్ని ఏకాండ వీణ అంటారు. మెట్లు కంచువి. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి, ఆ నల్లని ముద్దపై మెట్లను నిలుపుతారు. మైనం కాబట్టి శ్రుతి చెడినప్పుడు వేడిచేసి మెట్టును వెంట్రుకవాసి జరిపి సరిచేయవచ్చును. వాయించడానికి నాలుగు తంత్రులు, తాళానికి, శ్రుతికి పక్కన మూడు తంత్రులు ఉంటాయి. తంజావూరు వీణకు 2013లో భౌగోళిక గుర్తింపు లభించింది. విజయనగరం ప్రాంతంలో బొబ్బిలికి చేరువనున్న గొల్లపల్లిలో తయారయ్యే వీణలు దీనికి దాయాదులు. రెండింటినీ పక్కపక్కన చూడగలిగినవారికి ఏకాండ వీణ పనితనంలోని పోలికలు, తేడాలు తెలుస్తాయి.

72 మేళాల లెక్క

మెట్లు స్థిరపడిన తరువాత సహజంగా ఒక ప్రశ్న పుడుతుంది. ఉన్న 12 స్వరస్థానాలతో ఎన్ని విధాల రాగాలకు మూలమైన వరుసలు కూర్చవచ్చును? గోవింద దీక్షితుల కుమారుడు వేంకటమఖి, విజయరాఘవ నాయకుని కాలంలో రచించిన చతుర్దండీ ప్రకాశికలో ఈ ప్రశ్నకు లెక్క కట్టి సమాధానమిచ్చాడు.

లెక్క బడిపిల్లలకు కూడా అర్థమయ్యేటంత సులభమైనది. షడ్జం, పంచమం మారవు. షడ్జానికీ మధ్యమానికీ నడుమ రిషభ గాంధారాలను ఆరు విధాలుగా జత చేయవచ్చును. అదే విధంగా పంచమానికి పైన ధైవత నిషాదాలను ఆరు విధాలుగా జత చేయవచ్చును. ఆరును ఆరుతో గుణిస్తే 36. మధ్యమం రెండు రకాలు, శుద్ధ మధ్యమం, ప్రతి మధ్యమం. కనుక 36 రెండింతలై 72. అప్పటికి వాడుకలో ఉన్న మేళాలు 19 మాత్రమేనని వేంకటమఖి స్వయంగా చెప్పాడు. మిగిలినవి కాగితంపై మాత్రమే ఉన్నాయి. ఆ ఖాళీ గదులలో సంగీతాన్ని నింపినవారు తరువాతి తరాల వాగ్గేయకారులు. గణితోపాధ్యాయులు గుణకారాన్ని బోధించేటప్పుడు ఈ ఉదాహరణను వాడుకొనవచ్చును.

పదాలు, కృతులు, నృత్యం

మువ్వగోపాల పదాల కర్త క్షేత్రయ్య 17వ శతాబ్దిలో విజయరాఘవ నాయకుని కొలువును, మధురలో తిరుమల నాయకుని కొలువును దర్శించాడు. ఆయన పదాలు నేటికీ భరతనాట్య, కూచిపూడి కళాకారుల అభినయానికి ఆధారం. తరంగాల కర్త నారాయణతీర్థులు తంజావూరు సీమలోని వరగూరులో స్థిరపడ్డారు. కూచిపూడివారు పళ్ళెం అంచుపై నిలిచి ఆడే తరంగానికి మూలం ఆయన సంస్కృత గ్రంథమే.

కర్ణాటక సంగీత త్రిమూర్తులు ముగ్గురూ తంజావూరు సీమలోని తిరువారూరులో జన్మించినవారే. త్యాగరాజస్వామి (1767–1847) తిరువారూరులో పుట్టి, తంజావూరుకు సుమారు 13 కిలోమీటర్ల దూరంలోని తిరువైయారులో జీవితం గడిపారు. వారి పూర్వులు కాకర్ల ప్రాంతీయులు. తమిళ దేశంలో పుట్టి పెరిగిన ఆయన తన కృతులలో అత్యధిక భాగాన్ని తెలుగులోనే రచించారు. శ్యామశాస్త్రి కృతులలోనూ తెలుగుదే అగ్రస్థానం. ముత్తుస్వామి దీక్షితులు ప్రధానంగా సంస్కృతంలో రచించారు. ఖరహరప్రియ వంటి రాగాలు నేడు మనకు పరిచితమైనవంటే దానికి కారణం త్యాగరాజ కృతులే.

ఏటా పుష్య బహుళ పంచమినాడు తిరువైయారులో జరిగే ఆరాధనలో వందలాది గాయకులు నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాలలోని ఘనరాగ పంచరత్న కృతులను ఒక్క గొంతుతో పాడుతారు. ఐదింటిలో మొదటిది సంస్కృతం, మిగిలిన నాలుగు తెలుగు. కావేరీ తీరాన ఉన్న ఆ సమాధి మందిరాన్ని 1920వ దశకంలో తన సొంత ఆర్జనతో కట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952). మైసూరు దగ్గరి నంజనగూడులో పుట్టిన దేవదాసి ఆమె. సమాధి ఎదుట పాడటానికి స్త్రీలను అనుమతించని రోజులలో ఆమె స్త్రీలకై వేరుగా ఆరాధన నడిపించి, చివరకు అందరూ కలిసి పాడే స్థితికి దారితీశారు.

తంజావూరు కవయిత్రి ముద్దుపళని రచించిన రాధికా సాంత్వనాన్ని 1910లో పరిష్కరించి ప్రకటించినది కూడా నాగరత్నమ్మే. మరుసటి ఏడు ఆంగ్ల ప్రభుత్వం ఆ గ్రంథాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం పంతులు మద్రాసు ప్రధానిగా ఉన్న కాలంలో ఆ నిషేధం తొలగింది. కన్నడ సీమలో పుట్టిన స్త్రీ, తమిళ సీమలో వెలసిన తెలుగు కావ్యాన్ని కాపాడినదన్న మాట.

శరభోజీ కాలంలో పెరిగిన తంజావూరు నలుగురు సోదరులు చిన్నయ్య, పొన్నయ్య, శివానందం, వడివేలు నాట్యాచార్యులు. అలరింపు, జతిస్వరం, శబ్దం, వర్ణం, పదం, తిల్లానా అనే నేటి భరతనాట్య కచేరీ క్రమాన్ని తీర్చిదిద్దినది వారే. వారి కుటుంబ భాష తమిళం. వారి వర్ణాలలో చాలా భాగం తెలుగు. అప్పుడప్పుడే పాశ్చాత్యుల నుండి వచ్చిన వయొలిన్‌ను మన సంగీతానికి అనుకూలపరచినవారిలో వడివేలు ఒకడు. తిరువాన్కూరు మహారాజు స్వాతి తిరునాళ్ 1834లో ఆయనకు దంతపు వయొలిన్ బహూకరించాడు. నేడు వయొలిన్ లేని కర్ణాటక కచేరీని ఊహించలేము. 200 ఏండ్ల క్రితం అది పరదేశపు కొత్త వాద్యం.

మెలట్టూరు భాగవతమేళం

తంజావూరుకు 20 కిలోమీటర్ల లోపు మెలట్టూరు గ్రామం ఉన్నది. అచ్యుతప్ప నాయకుడు 510 బ్రాహ్మణ కుటుంబాలకు ఈ సీమలో ఇండ్లు, భూములు ఇచ్చాడని ప్రతీతి. గ్రామానికి అచ్యుతపురమన్న పేరు అందుకే వచ్చింది. ఈ గ్రామంలో నివసించిన మెలట్టూరు వేంకటరామశాస్త్రి (1743–1809) ప్రహ్లాద చరిత్రము, ఉషా పరిణయము, హరిశ్చంద్ర, మార్కండేయ మొదలైన తెలుగు నాట్యనాటకాలను రచించాడు. సాలియమంగళం, తేపెరుమానల్లూరు గ్రామాలలోనూ ఇటువంటి సంప్రదాయమే కలదు.

ప్రతి సంవత్సరం వైశాఖమాసంలో నృసింహ జయంతి సందర్భంగా వరదరాజస్వామి ఆలయం ఎదుట రాత్రివేళ ఈ నాటకాలు ఆడుతారు. స్త్రీ పాత్రలను కూడా పురుషులే ధరిస్తారు. మొదట కోణంగి ప్రవేశించి ప్రేక్షకులను నవ్విస్తాడు. పిమ్మట చిన్న బాలుడు గణపతి వేషంలో వస్తాడు. ప్రతి ముఖ్యపాత్ర తనను తాను పరిచయం చేసుకొంటూ ప్రవేశ దరువుతో రంగంలోనికి వస్తుంది. ప్రహ్లాద చరిత్రలో ధరించే నరసింహస్వామి ముఖాన్ని గుడిలో పూజలో ఉంచుతారు. ఆ పాత్ర వేసేవాడు ఉపవాసం ఉంటాడు. కూచిపూడి యక్షగానాన్ని చూచినవారికి ఇక్కడి దరువుల నడక చిరపరిచితంగా తోస్తుంది.

నటులలో పలువురు ఉద్యోగరీత్యా చెన్నై వంటి నగరాలలో ఉండి, ఉత్సవానికి ఊరు చేరుతారు. వారి ఇంటి వాడుక తమిళం. నాటకపు తెలుగును తండ్రుల నుండి, గురువుల నుండి విని కంఠస్థం చేస్తారు. మాట్లాడని భాషలో తరతరాలుగా ఒక నాటకాన్ని నిలబెట్టుకొని రావడం సామాన్యమైన దీక్ష కాదు. మన ఊళ్ళలో తెలుగు మాట్లాడేవారు ఎందరో ఉన్నారు. ఒక్క తెలుగు నాటకాన్ని ఏటేటా ఆడుతున్న ఊళ్ళు ఎన్ని ఉన్నాయో పాఠకులే ఆలోచించుకొనవలెను.

పలక చిత్రాలు

బంగారు రేకుతో, రంగురాళ్ళతో మెరిసే తంజావూరు చిత్రాన్ని చూడనివారు అరుదు. ఎక్కువగా నవనీతకృష్ణుడు, శ్రీరామ పట్టాభిషేకం వంటి విషయాలు వీటిలో కనిపిస్తాయి. కొయ్యపలకపై వ్రాస్తారు కనుక తమిళంలో వీటికి పలగై పడం, అనగా పలక చిత్రం, అన్న పేరు ఉన్నది. ఈ పనిలో పేరు పొందినవారు రాజులని పిలువబడే తెలుగు మాట్లాడే చిత్రకార కుటుంబాలవారు. విజయనగరం పతనమైన తరువాత వీరి పూర్వులు దక్షిణానికి వలస వచ్చారని చెబుతారు. మహారాష్ట్ర ప్రభువుల కాలంలో, ముఖ్యంగా శరభోజీ హయాంలో, ఈ శైలి పరిపక్వ దశకు వచ్చింది.

తయారీలో పలు అంచెలు ఉన్నాయి. ముందుగా పలకపై గుడ్డను జిగురుతో అతికిస్తారు. దానిపై సుద్దపొడి, జిగురు కలిపిన పూతను వేసి, ఆరిన తరువాత రాతితో రుద్ది నునుపు చేస్తారు. రూపరేఖ గీసుకొన్న పిమ్మట నగలు, సింహాసనం, తోరణం వంటి చోట్ల సుద్ద ముద్దతో ఉబ్బెత్తుగా అచ్చు తీరుస్తారు. రాళ్ళు పొదిగి, ఉబ్బెత్తు భాగాలపై బంగారు రేకును తాపడం చేస్తారు. చివరకు శరీరానికి, వస్త్రాలకు రంగులు పూసి, కనుముక్కు తీరు దిద్దుతారు. ఇంతటి ఉబ్బెత్తు పనికి కారణం లేకపోలేదు. దీపపు వెలుగులో చూడటానికి వ్రాసిన పటాలు ఇవి. పలుచని వెలుతురు ఆ ఎత్తుపల్లాలపై పడినప్పుడు బంగారం కదలుతున్నట్లు తోస్తుంది. తెల్లని విద్యుద్దీపం కింద ఆ సొగసు సగం పోతుంది.

మైసూరు చిత్రం దీనికి సోదరి వంటిది. అక్కడ కాగితాన్ని పలకపై అతికించి వ్రాస్తారు. ఉబ్బెత్తు చాలా తక్కువ, రాళ్ళు పొదగడం సాధారణంగా ఉండదు, గీతల సన్నదనానికే ప్రాధాన్యం. కర్ణాటకలోని మన పాఠకులు రెండింటినీ పోల్చి చూడవచ్చును. కొనదలచినవారు బంగారు రేకు నిజమైనదా, పూత రంగా అన్నది తప్పక అడిగి తెలుసుకొనవలెను. నకిలీ రేకు కొంతకాలానికి నల్లబడుతుంది.

సరస్వతీ మహలు

ఇంతవరకు చెప్పినవాటిని చూడటానికి, వినడానికి భాష అడ్డు రాదు. తంజావూరు ప్రాసాదంలోనే ఉన్న సరస్వతీ మహలు గ్రంథాలయం సంగతి వేరు. నాయకరాజుల కాలంలో మొదలై, శరభోజీ కాలంలో విశేషంగా పెరిగి, 1918లో ప్రజలకు అందుబాటులోనికి వచ్చిన భాండాగారం ఇది. దీనిలోని వేలాది తాళపత్ర, కాగితపు ప్రతులలో అధికభాగం సంస్కృతం. తమిళ, మరాఠీ ప్రతులు వేల సంఖ్యలో ఉన్నాయి. తెలుగు ప్రతులు సుమారు 800. ఆస్థానంలో ఆడిన యక్షగానాలలో ఎన్నో ఇక్కడి ప్రతుల ఆధారంగానే అచ్చుకు వచ్చాయి. సందర్శకుల కోసం గ్రంథాలయానికి అనుబంధంగా చిన్న ప్రదర్శనశాల కూడా ఉన్నది.

వెళ్ళేవారికి సూచనలు

తంజావూరుకు రెండు దినాలు కేటాయించుకొనుట మంచిది. మొదటి దినం ఉదయం పెద్దగుడి, తరువాత ప్రాసాదం, 1951లో ఆ ప్రాసాదంలోనే నెలకొల్పిన కళాశాలలోని చోళ కంచు విగ్రహాలు, సరస్వతీ మహలు ప్రదర్శనశాల చూడవచ్చును. రెండవ దినం తిరువైయారు, ఆపైన వీణలు, పలక చిత్రాలు తయారుచేసే పనివారి ఇండ్లు. పనివారి వద్దకు వెళ్ళినప్పుడు కొనుగోలు తొందర లేకుండా ఒక గంట కూర్చొని పనిని చూడనివ్వమని అడిగితే వస్తువు వెనుక ఉన్న శ్రమ పిల్లలకు బోధపడుతుంది. పుష్యమాసంలో వెళ్ళినవారికి ఆరాధన, వైశాఖంలో వెళ్ళినవారికి మెలట్టూరు నాటకాలు లభిస్తాయి. ఉత్సవ తేదీలు పంచాంగాన్ని బట్టి మారుతాయి కనుక ముందుగా విచారించుకొనవలెను.

పిల్లలను తీసుకొని వెళ్ళేవారు బయలుదేరే ముందు ఒక త్యాగరాజ కృతిని రెండు మూడు మార్లు వినిపించి, దాని అర్థం చెప్పి ఉంచవలెను. ఒక వీణ బొమ్మ గీయించి, 24 మెట్లు గుర్తు పెట్టించవలెను. ముందు తెలిసినదాన్ని వెతికి పట్టుకొనడంలో పిల్లలకు ఉండే సంతోషం, అన్నీ ఒకేసారి చూపినప్పుడు ఉండదు.

లిపి సంగతి

సరిహద్దు జిల్లాల బడులలో ఇంట తెలుగు మాట్లాడుతూ తెలుగు అక్షరాలు రాని పిల్లలు ప్రతి తరగతిలోనూ కనిపిస్తున్నారు. 2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళ అభ్యసన చట్టం చేసిన తరువాత అక్కడి భాషాల్పసంఖ్యాకుల బడులలో ఈ ప్రశ్న మరింత గట్టిగా వినిపించింది. తమిళం నేర్చుకొనవలసినదే, అందులో సందేహం లేదు. నివసించే నేల భాష రానివాడు ఎక్కడా రాణించడు. తంజావూరు ప్రభువులు, పండితులు చూపిన దారి కూడా అదే. ఒక భాష నేర్చుకొనడానికి మరొక భాషను వారు విడువలేదు.

తెలుగు కృతులను తమిళ లిపిలో అచ్చువేసిన సంగీత పుస్తకాలను గమనించండి. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. అందువలన అక్షరానికి పైన చిన్న అంకెలు వేస్తారు. ఒకటి అంటే క, రెండు అంటే ఖ, మూడు అంటే గ, నాలుగు అంటే ఘ. ఆ అంకెలు లేకపోతే కథ, గత, గద అనే మూడు మాటలకూ ఒకే రూపం. తమిళ గాయకులు మన భాషను శుద్ధంగా పలకడం కోసం ఇంత శ్రమ తీసుకొంటున్నారు. ఇంట తెలుగు మాట్లాడే మన పిల్లలు కూడా తమ భాషను ఆ అంకెల సాయంతోనే చదువుకొనే స్థితి రాకూడదు.

తంజావూరు కళలను కాపాడినవారు కేవలం తెలుగువారు కారు. మరాఠీ రాజులు, కన్నడ మంత్రి, తమిళ నాట్యాచార్యులు, నంజనగూడు నాగరత్నమ్మ, మెలట్టూరు భాగవతులు, అందరూ తమ వంతు చేశారు. వీణను వాయించేవారు ఉన్నారు, కృతిని పాడేవారు ఉన్నారు, చిత్రాన్ని వ్రాసేవారు ఉన్నారు. సరస్వతీ మహలులోని ఆ 800 తెలుగు ప్రతులను విప్పి చదవడానికి మాత్రం తెలుగు లిపి వచ్చినవారు కావలెను. ఆ పని ఇతరులు మన కోసం చేసిపెట్టలేరు. వారానికి రెండు గంటలు కేటాయిస్తే ఒక్క వేసవి సెలవులలో గుణింతాలు, మరొక సెలవులలో ఒత్తులు పిల్లలకు పట్టుబడతాయి. ఆ తరువాత తంజావూరు ప్రయాణం పెట్టుకొంటే, ప్రదర్శనశాలలోని తెలుగు ప్రతి ముందు నిలిచి పిల్లలు తామే అక్షరాలు కూడబలుకుకొని చదవగలుగుతారు.